వీడ్కోలు చెప్పిన రేవే... విందుకు పిలుస్తోంది!

టైటానిక్ ఆఖరిసారిగా ఆగిన ఊరు అది. పాతికలక్షల మంది కన్నీళ్లతో ఓడెక్కిన ఊరూ అదే. ఇప్పుడక్కడ రంగురంగుల ఇళ్లు, ఘుమఘుమలాడే చేపల సూపు, వెన్న రాసిన వేడివేడి రొట్టె, కొండమీది చర్చి గంటల సంగీతం స్వాగతం చెబుతాయి. ఐర్లాండ్ దక్షిణ తీరంలోని 'కోవ్' పట్టణంలో ఒక్కరోజు గడిపితే చాలు... కళ్లూ కడుపూ నిండుతాయి. మనసు మాత్రం కాస్త బరువెక్కుతుంది!

కార్క్ నగరంలో కోవ్ వెళ్లే రైలెక్కేవాళ్లు కుడివైపు కిటికీ పక్కన సీటు చూసుకోవాలి. ఇరవై అయిదు నిమిషాల ప్రయాణమే. కానీ ఆ కాసేపట్లోనే పక్కనున్న నది వెడల్పవుతూ వెడల్పవుతూ ఉప్పునీటి పాయగా మారిపోతుంది. ఒకచోట రైలు నీళ్లమీదే పోతోందా అనిపిస్తుంది. ఆటుపోట్లకు బయటపడ్డ బురదనేలల్లో పొడుగు ముక్కుల పిట్టలు తిండి ఏరుకుంటూ కనిపిస్తాయి. చివరి స్టేషన్లో దిగి నాలుగడుగులు వేస్తే... ఎదురుగా సముద్రం!

అదృష్టం బాగుంటే స్టేషన్ పక్కనే ఓ పెద్ద విహారనౌక కూడా ఆగి ఉంటుంది. ఊళ్లోని ఇళ్లన్నీ దానిముందు అగ్గిపెట్టెల్లా ఉంటాయి.

ఊరు చిన్నదే. జనాభా 14 వేల పైచిలుకు. పేరుకు మాత్రం పెద్ద కథే ఉంది. స్పెల్లింగు చూసి ఎవరైనా 'కోబ్' అంటే స్థానికులు నవ్వుకుంటారు. ఐరిష్ భాషలో బి పక్కన హెచ్ వస్తే 'వ' అని పలకాలి. ఒడ్డుకు ఆనుకుని సముద్రం లోపలికి చొచ్చుకొచ్చే చోటును ఇంగ్లిషులో కోవ్ అంటారు. అదే ఈ ఊరి తొలిపేరు. 1849లో విక్టోరియా మహారాణి ఇక్కడ అడుగుపెట్టిందని 'క్వీన్స్‌టౌన్'గా మార్చేశారు. స్వాతంత్ర్య పోరాటం ఊపందుకున్నాక, 1920లో రాణిగారి పేరు తీసేసి మళ్లీ పాత పేరే పెట్టుకున్నారు. కాకపోతే ఈసారి ఐరిష్ స్పెల్లింగులో!

రైలు దిగగానే ఓ అమ్మాయి

స్టేషన్ పాత భవనంలోనే 'కోవ్ హెరిటేజ్ సెంటర్' ఉంది. దాని బయట సముద్రం ఒడ్డున ఓ కంచు విగ్రహం. ఇద్దరు తమ్ముళ్లను వెంటబెట్టుకున్న ఓ అమ్మాయి. పేరు యానీ మూర్. 1891 డిసెంబరు 20న ఈ రేవులోనే 'నెవాడా' అనే ఓడెక్కింది. అమ్మానాన్నలు అప్పటికే న్యూయార్క్‌లో ఉన్నారు. పిల్లలు ముగ్గురూ వాళ్ల దగ్గరికి బయల్దేరారు. 1892 జనవరి 1న న్యూయార్క్‌లో ఎల్లిస్ ఐలాండ్ వలస కేంద్రం తలుపులు తెరిస్తే, అందులోంచి మొట్టమొదట అమెరికాలో అడుగుపెట్టింది ఈ పిల్లే. అధికారులు పది డాలర్ల బంగారు నాణెం బహుమతిగా ఇచ్చారు.

తర్వాత ఆమె ఏమైంది? పడమటికి వెళ్లి టెక్సస్‌లో స్థిరపడిందని చాలాకాలం అనుకున్నారు. ఆ యానీ వేరే యానీ అని 2006లో తేలింది. అసలు యానీ న్యూయార్క్ దాటి వెళ్లనే లేదు. అక్కడే పేదల పేటలో పెళ్లి చేసుకుంది. పిల్లల్ని కంది. కొందరిని పసితనంలోనే పోగొట్టుకుంది. 1924లో అక్కడే కన్నుమూసింది. ఆమె సమాధికి 2008 దాకా పేరు చెక్కిన రాయి కూడా లేదు.

యానీ ఒక్కతే కాదు. 1848 నుంచి 1950 దాకా దాదాపు 60 లక్షల మంది ఐర్లాండ్ వదిలి వెళ్తే, అందులో 25 లక్షల మంది ఓడెక్కింది ఈ ఒక్క రేవులోనే. హెరిటేజ్ సెంటర్ లోపల ఆ కథంతా కళ్లకు కట్టినట్టు చూపిస్తారు. ఇరుకు ఓడలు, మూటాముల్లె, ఆకలి, జబ్బులు... అన్నీ.

అప్పట్లో ఐర్లాండ్ పల్లెల్లో 'అమెరికన్ వేక్' అనే ఆచారం ఉండేది. వేక్ అంటే ఎవరైనా చనిపోయినప్పుడు బంధుమిత్రులు రాత్రంతా చేసే జాగారం. బిడ్డ అమెరికాకు బయల్దేరే ముందురోజు రాత్రి కూడా ఇంట్లో అలాగే కూర్చునేవారు. తినేవారు, పాడేవారు, ఏడ్చేవారు. మనిషి బతికే ఉన్నా, మళ్లీ కళ్లజూసే ఆశ లేదన్నమాట!

కొడుకునో కూతురినో అమెరికా విమానం ఎక్కించడానికి శంషాబాద్ దాకా వెళ్లి, పిల్లలు లోపలికి వెళ్లిపోయాక కూడా అద్దాల్లోంచి చూస్తూ నిలబడిపోయిన తల్లిదండ్రులకు ఈ విగ్రహం దగ్గర గైడు అక్కర్లేదు. తేడా ఒక్కటే. వీళ్లకు దిగగానే ఫోన్ వస్తుంది. వాళ్లకు ఏడాదికో ఉత్తరం వస్తే పండగ!

టిక్కెట్టు మీద పేరు మీది కాదు!

స్టేషన్ నుంచి నీటి ఒడ్డునే నడిస్తే పది నిమిషాల్లోపే ఊరి నడిబొడ్డు వస్తుంది. అక్కడి కేస్‌మెంట్ కూడలిలో సముద్రానికి వీపు ఆనించినట్టున్న భవనమే ఒకప్పటి వైట్ స్టార్ లైన్ కంపెనీ టిక్కెట్ల ఆఫీసు. టైటానిక్ ఓడ ఆ కంపెనీదే. 1912 ఏప్రిల్ 11 మధ్యాహ్నం ఇక్కడినుంచే 123 మంది ప్రయాణికులు చిన్న స్టీమర్లెక్కి వెళ్లారు. టైటానిక్ మరీ పెద్దది కావడంతో రేవులోకి రాలేదు. దూరంగా రోచెస్ పాయింట్ అవతల లంగరేసింది. మధ్యాహ్నం ఒకటిన్నరకు లంగరు ఎత్తింది. మళ్లీ ఏ రేవునూ చూడలేదు.

ఇప్పుడా భవనంలో 'టైటానిక్ ఎక్స్‌పీరియన్స్' ఉంది. లోపలికి వెళ్లేటప్పుడు చేతిలో ఓ బోర్డింగ్ కార్డు పెడతారు. దానిమీద ఉండేది సందర్శకుల పేరు కాదు. ఆ 123 మందిలో ఒకరిది. మూడో తరగతి గది ఎలా ఉండేది, ఏం తిన్నారు, ఆ రాత్రి ఏం జరిగింది అన్నీ చూశాక, చిట్టచివర గోడమీద జాబితా కనిపిస్తుంది. కార్డులో పేరున్న మనిషి బతికారో లేదో అక్కడ తెలుస్తుంది. సరదాగా నవ్వుకుంటూ లోపలికి వచ్చినవాళ్లు కూడా ఆ గోడ దగ్గర కాసేపు మాట్లాడరు. ఇక్కడ ఎక్కినవాళ్లలో ప్రాణాలు దక్కింది 44 మందికే.

భవనం వెనక నీళ్లలో పుచ్చిపోయిన చెక్క స్తంభాలు కొన్ని నిలబడి ఉంటాయి. వాళ్లు స్టీమరెక్కిన వంతెన మిగులు అదే. 'గుండె పగిలిన రేవు' అని దానికి పేరు.

దిగిపోయి బతికినవాళ్లూ ఉన్నారు. అందులో ఒకరు ఫ్రాన్సిస్ బ్రౌన్. అప్పటికి ఫాదర్ కావడానికి చదువుకుంటున్నాడు. క్లోయిన్ బిషప్పుగా ఉన్న, పెంచి పెద్దచేసినంత ఆప్తుడైన తండ్రి సోదరుడే టైటానిక్‌లో ఇంగ్లండ్ నుంచి ఇక్కడిదాకా టిక్కెట్టు కొనిచ్చాడు. ఓడలో పరిచయమైన ఓ ధనిక అమెరికన్ జంట 'న్యూయార్క్ దాకా రా, ఖర్చు మాది' అన్నారు. అనుమతి కోసం పైవాళ్లకు తంతి కొడితే, ఓడ దిగమని ముక్కుసూటిగా జవాబొచ్చింది. దిగాడు. ఓడలో అతను తీసిన ఫొటోలు ఇవాళ ప్రపంచమంతా చూస్తోంది.

జెరెమయా బర్క్‌కి మాత్రం ఆ అదృష్టం లేదు. కార్క్ పక్కనే గ్లాన్‌మైర్ అతని ఊరు. వయసు 19. బయల్దేరేటప్పుడు తల్లి చిన్న సీసాలో తీర్థజలం ఇచ్చింది. ఏడాది తర్వాత ఆ సీసా అలల్లో కొట్టుకొచ్చి, అతని ఇంటికి దగ్గర్లోనే డంకెటిల్ ఒడ్డున దొరికింది. లోపల ఓ కాగితం. టైటానిక్ నుంచి అందరికీ సెలవంటూ రెండు ముక్కలు, కింద ఇంటిపేరు, ఊరు. కుటుంబం దాన్ని దాదాపు వందేళ్లు దాచుకుని 2011లో హెరిటేజ్ సెంటర్‌కు అప్పగించింది. అన్నట్టు, కోవ్ వచ్చే రైలు ఆ డంకెటిల్ పక్కనుంచే వస్తుంది. కుడివైపు కిటికీలోంచి కనిపించే నీళ్లు అవే!

పేకముక్కల ఇళ్లు... పాటపాడే గంటలు

కోవ్‌లో నడవాలంటే మోకాళ్లలో సత్తువ ఉండాలి. ఊరంతా కొండవాలే. ఒడ్డునుంచి పైకి చూస్తే ఆకాశాన్ని తాకుతున్నట్టు సెయింట్ కోల్మన్ కెథీడ్రల్ కనిపిస్తుంది. 1868లో మొదలుపెడితే 1919కి గానీ పూర్తికాలేదు. అంటే యాభై ఏళ్లు! విదేశాలకు వెళ్లినవాళ్లు పంపిన డబ్బు కూడా ఈ రాళ్లలో ఉంది. శిఖరం ఎత్తు 91 మీటర్లు. ఓడెక్కి వెళ్లేవాళ్లకు సొంతగడ్డమీద చిట్టచివరగా కనిపించేది చాలాకాలం ఈ చర్చే.

అసలు విశేషం గోపురం లోపల ఉంది. 49 గంటలు. అన్నిటికన్నా పెద్దది మూడు టన్నులకు పైనే. ఒక మనిషి కింద కూర్చుని, హార్మోనియం మెట్లలా వరసగా ఉన్న కర్రపిడులను పిడికిలితో కొడుతూ, కాళ్లతో తొక్కుతూ వాటితో పాటలు వాయిస్తాడు. ఐర్లాండ్, బ్రిటన్‌లలో ఇంత పెద్ద గంటల వాద్యం మరోటి లేదు. వేసవిలో ఆదివారం సాయంత్రాలు కచేరీ ఉంటుంది. టిక్కెట్టు కొని హాల్లో కూర్చునే పనిలేదు. ఊళ్లో ఏ మెట్టుమీద కూర్చున్నా వినిపిస్తుంది.

కెథీడ్రల్‌కు కాస్త అవతల వెస్ట్ వ్యూ అనే వీధి ఉంది. నిటారుగా దిగే వాలు. దానిమీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ... ఒక్కోటీ ఒక్కో రంగులో 23 ఇళ్లు వరసగా, మెట్లలా ఉంటాయి. 1850 ప్రాంతంలో కట్టినవి. వీటిని 'డెక్ ఆఫ్ కార్డ్స్' అంటారు. అడుగునున్న ఇల్లు కూలితే మిగతావన్నీ పేకముక్కల్లా పడిపోతాయని జోకు! వెనక చర్చి, ముందు ఇళ్లు, అవతల సముద్రం... అన్నీ ఒకే ఫొటోలో పడాలంటే స్పై హిల్ వైపు ఎక్కాలి. కోవ్ పేరుతో ఎక్కడ పోస్టుకార్డు కనిపించినా దానిమీద ఉండేది ఈ దృశ్యమే.

ఆకలేస్తోందా?

ఇంత ఎక్కిదిగాక కడుపులో ఎలుకలు పరుగెత్తడం ఖాయం. ఒడ్డుకు దిగితే కాఫీ కొట్లు, పబ్బులు, చేపల హోటళ్లు పక్కపక్కనే ఉంటాయి. పబ్బు అనగానే కంగారు పడక్కర్లేదు. ఐర్లాండ్‌లో పబ్బంటే సగం భోజన హోటలే. మధ్యాహ్నం పూట పిల్లాపాపలతో కుటుంబాలు వచ్చి తింటుంటాయి.

మొదట చెప్పాల్సింది సీఫుడ్ చౌడర్ సంగతి. చల్లగాలికి వణుకుతూ వచ్చినవాళ్లకు దీన్ని మించిన మందులేదు. సాల్మన్, కాడ్, పొగబెట్టిన హాడక్ చేపల ముక్కలు, నల్లచిప్పల మసెల్స్, బంగాళాదుంపలు కలిపి పాలు, మీగడతో చిక్కగా కాస్తారు. మన చేపల పులుసు అనుకుని నోట్లో పెట్టుకుంటే పొరపాటే. చింతపండు లేదు, కారం లేదు. మిరియాలపొడి చల్లుకుని, మెల్లగా తాగితే సముద్రమే కమ్మగా మారి గొంతులోకి దిగినట్టుంటుంది.

దాని పక్కన తప్పకుండా ఇచ్చేది ముదురు గోధుమరంగు సోడా బ్రెడ్. ఈస్టు ఉండదు. పొట్టుతో పట్టించిన గోధుమపిండిలో ఉప్పు, వంటసోడా వేసి, మజ్జిగ పోసి కలపడమే. పులియబెట్టే పని లేదు. పైన కత్తితో అడ్డంగా నిలువుగా ఓ గాటుపెట్టి పొయ్యిలో పెట్టేస్తారు. మజ్జిగ పులుపుకు సోడా తగిలి పిండి పొంగుతుంది. పేదిళ్లలో పుట్టిన రొట్టె ఇది. దానిమీద వెన్న పొదుపుగా రాసుకుంటే ఐర్లాండ్‌ను అవమానించినట్టే! 19వ శతాబ్దంలో ప్రపంచంలోకెల్లా పెద్ద వెన్న బజారు కార్క్‌లోనే ఉండేది. ఆ వెన్నంతా ఈ రేవు మీదుగానే దేశాలు దాటేది.

ఈ మాట దగ్గరే ముద్ద ఓ క్షణం ఆగుతుంది. 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. పేదలకు అదే అన్నం. ఏడేళ్లలో పది లక్షల మందికి పైగా ఆకలితో, రోగాలతో చనిపోయారు. మరో పది లక్షల మంది దేశం విడిచారు. అంత కరవులోనూ ఐర్లాండ్ రేవుల నుంచి ధాన్యం, వెన్న, పశువులు ఇంగ్లండ్‌కు వెళ్తూనే ఉన్నాయి. రాయలసీమను ఊడ్చేసిన 1876-78 నాటి ధాత కరవు గురించి విన్నవాళ్లకు ఇది కొత్త కథ కాదు. పాలించినవాళ్లు ఒక్కరే మరి! ఇంకో సంగతి. ఐర్లాండ్ కరవుకు మొట్టమొదట విరాళాలు పోగైన చోట్లలో మన కలకత్తా ఒకటి. 1846లోనే అక్కడ 14 వేల పౌన్ల దాకా వసూలు చేసి పంపారు.

ఆ దుంపను ఐరిష్ వాళ్లు వదిలేయలేదు. ఇవాళ్టికీ ఒకే పళ్లెంలో వేయించినవి, ఉడికించినవి, మెదిపినవి... మూడు రకాల దుంపలు రావడం అక్కడ వింతేమీ కాదు. మెదిపిన దుంపలో క్యాబేజీ, వెన్న కలిపితే కోల్‌కానన్. పచ్చిదుంప తురుముతో వేసే అట్టు బాక్స్‌టీ. శాకాహారులు గుర్తుపెట్టుకోవాల్సిన పేర్లివి.

ఫిష్ అండ్ చిప్స్ పొట్లం కట్టించుకుని ఒడ్డున బెంచీమీద కూర్చుని తినడం మరో ముచ్చట. జారుపిండిలో ముంచి కరకరలాడేలా వేయించిన కాడ్ చేప, వేలెడు లావు చిప్స్, పైన ఉప్పు, వెనిగర్. ఒక్కటే జాగ్రత్త. సీగల్ పక్షులు కాచుకుని ఉంటాయి. మాటల్లో పడితే చేతిలోది కొట్టుకుపోతాయి. ధైర్యవంతులు పచ్చి ఆయిస్టర్లు కూడా రుచి చూడొచ్చు. నిమ్మరసం పిండి, చిప్పతో సహా ఎత్తి గొంతులో పోసుకోవడమే! కోవ్‌కు దారితీసే బెల్వెల్లీ దగ్గర కట్టెల పొగలో చేపలకు రుచి పట్టించే పాత పద్ధతి ఇప్పటికీ బతికే ఉంది.

ఉదయం 'ఫుల్ ఐరిష్' టిఫిన్ తింటే మధ్యాహ్నందాకా ఆకలి ఉండదు. గుడ్లు, సాసేజీలు, పంది మాంసం పలకలు, టమాటాలు, పుట్టగొడుగులు. అందులో నల్లగా గుండ్రంగా కనిపించే బ్లాక్ పుడింగ్‌ను తీపి వంటకం అనుకునేరు! పందిరక్తం, ధాన్యపు నూక కలిపి చేసేది. వద్దనుకుంటే ముందే చెప్పాలి. అసలు తీపి కావాలంటే క్యారగీన్ పుడింగ్ అడగాలి. ఒడ్డున రాళ్లకు పట్టే ఎర్రనాచును ఎండబెట్టి, పాలలో మరిగించి చేస్తారు. మన చైనా గ్రాస్ స్వీటులా వణుకుతూ ఉంటుంది.

ఇక టీ. ఇక్కడ తెలుగువాళ్లకు పుట్టింటికి వచ్చినట్టే. ఐరిష్ జనం తాగేది పల్చటి నీళ్ల టీ కాదు. డికాక్షన్ ముదరగాసి, పాలు దండిగా పోసుకుంటారు. కార్క్‌లో 1901లో మొదలైన బ్యారీస్ టీ అంటే ఈ ప్రాంతం వాళ్లకు ప్రాణం. తోడుగా జామ్, మీగడ పూసిన స్కోన్. పక్కబల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన వాతావరణం గురించి మాట కలిపితే ఆ టీ ఓ అరగంట సాగుతుంది.

ఇద్దరు జాలర్లు

తిన్నాక అదే కేస్‌మెంట్ కూడలిలో కాసేపు నిలబడితే ఓ స్మారకం ఆకట్టుకుంటుంది. పైన శాంతిదేవత. కింద అలసి సొలసిన ఇద్దరు జాలర్లు. 1915 మే 7న 'లూసిటేనియా' అనే ప్రయాణికుల ఓడను జర్మనీ జలాంతర్గామి ఈ తీరానికి దగ్గర్లో పేల్చేసింది. పద్దెనిమిది నిమిషాల్లో ఓడ మునిగిపోయింది. దాదాపు 1,200 మంది చనిపోయారు. చేపల పడవలతో సహా దొరికిన పడవ దొరికినట్టు వేసుకుని సముద్రం మీదకు వెళ్లారు. బతికినవాళ్లనూ, శవాలనూ కోవ్‌కే తెచ్చారు. ఊరివాళ్లు హోటళ్లు, ఇళ్లు తెరిచారు. ఊరి బయట ఓల్డ్ చర్చి శ్మశానంలో 150 మందికి పైగా బాధితులు నిద్రిస్తున్నారు. చాలామంది పేర్లు కూడా తెలియవు.

డెబ్భై ఏళ్లకు ఈ తీరం మరోసారి అదే పని చేయాల్సివచ్చింది. ఈసారి మనవాళ్ల కోసం. 1985 జూన్ 23న ఎయిరిండియా 'కనిష్క' విమానం బాంబు పేలి ఐర్లాండ్ నైరుతి దిక్కున సముద్రంలో కూలిపోయింది. 329 మంది చనిపోయారు. ఎక్కువమంది కెనడాలో స్థిరపడిన భారతీయ కుటుంబాలవాళ్లు. వెతుకులాటలో ముందున్నది ఐర్లాండ్ నౌకాదళం ఓడ 'ఐస్లింగ్'. కోవ్ ఒడ్డున నిలబడితే ఎదురుగా కనిపించే హాల్‌బౌలిన్ దీవే ఆ దళానికి స్థావరం. దొరికిన మృతదేహాలను కార్క్ ఆస్పత్రికి తెచ్చారు. దేశంకాని దేశంలో ఏడుస్తూ దిగిన బంధువులను కార్క్ జనం అక్కున చేర్చుకున్నారు. కారులో పడమటికి వెళ్తే అహకిస్తా అనే పల్లెలో సముద్రానికి ఎదురుగా కనిష్క స్మారకం ఉంది. ఏటా జూన్ 23న అక్కడ నివాళులర్పిస్తారు. కార్క్ దాకా వెళ్లిన భారతీయులు ఆ ఒక్కరోజు ప్రయాణం కూడా కలుపుకుంటే బాగుంటుంది.

జైలుకు పడవ ప్రయాణం

మర్నాడు కూడా ఉండగలిగితే స్పైక్ దీవి చూడాలి. రేవులోంచి పడవలో కాసేపట్లో చేరుకోవచ్చు. విస్తీర్ణం 104 ఎకరాలు. ఒకప్పుడు సన్యాసుల మఠం. తర్వాత నక్షత్రం ఆకారంలో సైనిక కోట. కరవు రోజుల్లో జైలుగా మార్చారు. రొట్టెముక్క దొంగిలించినవాళ్లనూ తెచ్చిపడేశారు. 1850లలో 2,300 మందికి పైగా ఖైదీలతో ప్రపంచంలోనే అతిపెద్ద జైళ్లలో ఒకటిగా పేరుపడింది. ఇక్కడే వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఐర్లాండ్‌లో చాలాభాగానికి స్వాతంత్ర్యం వచ్చినా బ్రిటిష్‌వాళ్లు ఈ కోటను మాత్రం 1938 దాకా వదల్లేదు. 2004లో జైలు పూర్తిగా మూతపడింది. 2016లో పర్యాటకుల కోసం తెరిచారు. మరుసటి ఏడాదే యూరప్‌లో అగ్రశ్రేణి పర్యాటక ఆకర్షణగా ప్రపంచ ట్రావెల్ అవార్డు కొట్టేసింది. గదులు చూశాక కోటగోడ ఎక్కితే ఎదురుగా కోవ్ మొత్తం బొమ్మలకొలువులా కనిపిస్తుంది.

పిల్లలున్నవాళ్లు అదే రైలు దారిలో ఫోటా స్టేషన్లో దిగితే జంతువుల పార్కు ఉంది. జిరాఫీలు, కంగారూలు బోనుల్లో కాక పచ్చిక బయళ్లలో తిరుగుతుంటాయి. తిండిప్రియులు కార్క్‌లోని ఇంగ్లిష్ మార్కెట్ వదలకూడదు. 1788 నాటి బజారు. పైకప్పు కింద చేపలు, జున్ను, రొట్టెలు, ఆలివ్‌లు రాశులు పోసి ఉంటాయి. 2011లో ఎలిజబెత్ రాణి వచ్చి చేపల అంగడి దగ్గర నవ్వుతూ నిలబడ్డ ఫొటో అప్పట్లో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. రాణిగారి పేరు తీసేసిన ఊరి పక్కనే... కాలం ఎంత మారింది!

సాయంత్రం ఓడ కదిలే వేళ

వేసవిలో ఇక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురు ఉంటుంది. సాయంత్రం విహారనౌక కదిలే వేళకు స్థానికులు కుక్కపిల్లల్ని పట్టుకుని, ఐస్‌క్రీమ్ కోన్‌లు చప్పరిస్తూ ఒడ్డుకు చేరతారు. కొన్నిసార్లు ఊరి బ్యాండు కూడా వచ్చి వాయిస్తుంది. ఓడమీది జనం చేతులూపుతారు. ఒడ్డుమీది జనం చేతులూపుతారు.

ఆ ఓడల్లో దిగేవాళ్లలో అమెరికన్లు ఎక్కువ. అందులో కొందరి సంచుల్లో పాత కాగితాలుంటాయి. ముత్తాత పేరు, ఓడ పేరు, తేదీ. ఆయన ఎక్కిన రేవు ఎక్కడని వెతుక్కుంటూ వచ్చి, యానీ మూర్ విగ్రహం పక్కన నిలబడి ఫొటో దిగుతారు. అప్పుడు రాత్రంతా జాగారం చేసి సాగనంపిన ఇల్లు ఏదో వాళ్లకు తెలియదు. సోడా బ్రెడ్ మాత్రం తింటారు. ఇంట్లో నాయనమ్మ చేసినట్టే ఉందంటారు.

వెళ్లినవాళ్లు తిరిగిరారనుకున్న ఊరు ఇది. రాలేదు కూడా. వాళ్ల మునిమనవలు వస్తున్నారు. వాళ్ల కోసం పొయ్యిమీద చౌడర్ మరుగుతూనే ఉంటుంది!

వెళ్లాలంటే...

ఎలా: హైదరాబాద్ నుంచి దుబాయ్, అబుదాబి లేదా లండన్ మీదుగా డబ్లిన్ చేరుకోవచ్చు. డబ్లిన్ నుంచి కార్క్‌కు రైల్లో రెండున్నర గంటలు. అక్కడినుంచి కోవ్ లోకల్ రైలు.

వీసా: ఐర్లాండ్ షెంజెన్ కూటమిలో లేదు. ఆ వీసాతో వెళ్లడం కుదరదు. ఐర్లాండ్‌ది విడిగా తీసుకోవాలి. బ్రిటన్‌తో కలిపి చూడాలనుకునే భారతీయులకు ఉమ్మడి వీసా పథకం ఉంది. బయల్దేరేముందు నిబంధనలు సరిచూసుకోవాలి. డబ్బు యూరోల్లో.

ఎప్పుడు: మే నుంచి సెప్టెంబరు అనుకూలం. ఆగస్టులో కోవ్ రెగట్టా పేరుతో పడవల పండగ జరుగుతుంది.

ఏం తీసుకెళ్లాలి: ఎండాకాలమైనా స్వెటరు, వానకోటు తప్పనిసరి. ఒకేరోజులో నాలుగు కాలాలూ కనిపిస్తాయి. గాలికి గొడుగు నిలవదు. కొండ ఎక్కడానికి మంచి బూట్లు ఉండాలి.

శాకాహారులకు: కూరగాయల సూపు, సోడా బ్రెడ్, చీజ్ టోస్టు, కోల్‌కానన్, స్కోన్‌లు దొరుకుతాయి. సూపులో మాంసం, చేపల రసం కలిపారేమో అడిగి తీసుకోవడం మంచిది. కారం లేకపోతే ముద్ద దిగనివాళ్లు చిన్న డబ్బాలో కందిపొడి పట్టుకెళ్తే సరి. మెదిపిన బంగాళాదుంప, వెన్న, కందిపొడి... ఐర్లాండ్ వాళ్లకు తెలియని రుచి అది!